త్రిమితీయ భూగర్భ నమూనాలకు ప్రాదేశిక కొలతల వ్యవస్థీకరణ: గోదావరి లోయ బొగ్గు క్షేత్రాల నేపథ్యంలో ఒక వివరణ

సారాంశం

భూగర్భంలోని శిలాస్తరాలను కంప్యూటరుపై మూడు మితుల్లో చూపే సాఫ్ట్‌వేర్లు నేడు విశ్వవిద్యాలయాలకు సులభంగా అందుబాటులోకి వచ్చాయి. అయితే నమూనా నాణ్యతను నిర్ణయించేది సాఫ్ట్‌వేర్ కాదు. దానికి అందించే కొలతలను ఏ క్రమంలో, ఏ వివరాలతో భద్రపరిచారన్నదే. స్థానం, ఎత్తు, లోతు, దిశ అనే నాలుగు కొలతలలో దొర్లే వ్యవస్థీకరణ దోషాలు నమూనాలో దోషాలుగా కనిపించవు. అవి భ్రంశాలుగా, ముడతలుగా, పొరల లోపాలుగా, అంటే నమ్మదగిన భూగర్భ లక్షణాలుగా రూపుదాలుస్తాయి. ఈ వ్యాసం గోదావరి లోయ బొగ్గు క్షేత్రాలను నేపథ్యంగా తీసుకొని, అటువంటి దోషాలు ఎలా పుడతాయో, పట్టికల నిర్మాణ దశలోనే వాటిని ఎలా నివారించవచ్చో వివరిస్తుంది.

కీలక పదాలు: త్రిమితీయ నమూనా, బోరు దత్తాంశం, డేటమ్, జియాయిడ్, అంతర్వేశనం, గోదావరి లోయ.

1. ఉపోద్ఘాతం

భూగర్భ శాస్త్రవేత్త తాను చిత్రించే వస్తువును పూర్తిగా ఎన్నడూ చూడలేడు. అన్వేషణలో విరివిగా వాడే ఎన్‌క్యూ పరిమాణపు కోర్ వ్యాసం 47.6 మిల్లీమీటర్లు, అడ్డుకోత వైశాల్యం దాదాపు 18 చదరపు సెంటీమీటర్లు. బోర్లను 400 మీటర్ల ఎడంతో చతురస్రాకారంగా వేస్తే ఒక్కో బోరు 1,60,000 చదరపు మీటర్ల నేలకు ప్రాతినిధ్యం వహిస్తుంది. అంటే మనం కళ్లతో చూసేది సుమారు తొమ్మిది కోట్ల వంతులలో ఒక వంతు. మిగిలినదంతా అంతర్వేశనం, అంటే తెలిసిన బిందువుల నడుమ తెలియని విలువలను గణితం ద్వారా అంచనా వేయడం.

ఈ నిష్పత్తిని బట్టి ఒక్కో కొలత ఎంత బరువు మోస్తుందో గ్రహించవచ్చు. ఒక బోరు ఎత్తు తప్పుగా నమోదైతే ఆ తప్పు ఒక బిందువుకు పరిమితం కాదు. చుట్టుపక్కల వందల మీటర్ల మేర పొర ఆకృతిని మార్చివేస్తుంది. ఆ నమూనా ఆధారంగానే గని మార్గాలు, నీటి పంపింగు, నిల్వల అంచనా, కార్మికుల భద్రతా దూరాలు నిర్ణయమవుతాయి కాబట్టి, దత్తాంశ వ్యవస్థీకరణను గుమాస్తా పనిగా భావించడానికి వీలులేదు.

2. గోదావరి లోయ: ఒక శతాబ్దికి మించిన కొలతలు

ప్రాణహిత, గోదావరి నదుల వెంట వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగే గోండ్వానా లోయ, భ్రంశాల మధ్య కుంగిన పల్లపు ప్రాంతం. దీనిలో అడుగున తాల్చేరు, దానిపై బరాకర్, ఆపై బారెన్ మెజర్స్, కామ్తీ శిలలు క్రమంగా ఉన్నాయి. ముఖ్యమైన బొగ్గు పొరలు బరాకర్ శిలల్లోనివి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. 1889 నాటికి అక్కడ తవ్వకం ఆరంభమైంది.

ఇంత దీర్ఘ చరిత్ర ఉన్న క్షేత్రంలో దత్తాంశం ఒకే రూపంలో ఉండదు. అడుగుల్లో కొలిచిన పాత బోర్లు, మీటర్లలో కొలిచిన కొత్త బోర్లు, గొలుసు సర్వేతో గీసిన గని పటాలు, థియోడొలైట్ కొలతలు, ఉపగ్రహ ఆధారిత స్థాన నిర్దేశాలు పక్కపక్కనే ఉంటాయి. పొరల పేర్లలోనూ ఏకరూపత లేదు. కొత్తగూడెం, ఇల్లందు వైపు క్వీన్, కింగ్ వంటి పేర్లున్న పొరలుంటే, రామగుండం వైపు పొరలను 1, 2, 3, 4 అంకెలతో పిలుస్తారు. వీటిని ఒకే నమూనాలోకి తెచ్చే పరిశోధకుడు మొదట ఎదుర్కొనే ప్రశ్న శిలలకు సంబంధించినది కాదు. ఈ అంకెలు ఏ ప్రమాణంలో ఉన్నాయన్నది.

3. స్థానం: పేరు చాలదు, నిర్వచనం కావాలి

భారతదేశపు పాత స్థలాకృతి పటాలు ఎవరెస్టు గోళాభంపై ఆధారపడ్డాయి. గోళాభం అంటే భూమి ఆకారానికి గణితపరంగా సరిపోల్చిన, ధ్రువాల వద్ద కొద్దిగా అణగిన గోళం. నేటి జీపీఎస్ పరికరాలు డబ్ల్యూజీఎస్ 84 గోళాభాన్ని వాడతాయి. మన ప్రాంతంలో పాత పటం నుంచి తీసుకున్న అక్షాంశ రేఖాంశాలను మార్పిడి చేయకుండా జీపీఎస్ విలువలతో కలిపితే బిందువు వంద మీటర్లకు పైగా జరుగుతుంది. పొర 10 డిగ్రీలు వాలిన చోట, వాలు దిశలో 150 మీటర్ల స్థానదోషం సుమారు 26 మీటర్ల లోతు దోషంతో సమానం.

‘ఎవరెస్టు’ అని మాత్రమే రాసినా సమస్య తీరదు. అడుగు నుంచి మీటరుకు మార్చే నిష్పత్తిని వేర్వేరు కాలాల్లో వేర్వేరుగా తీసుకున్నందున ఆ గోళాభపు అర్ధదీర్ఘాక్షానికి ఒకటికి మించిన విలువలున్నాయి. 1937 నాటి విలువ 6377276.345 మీటర్లు, 1962 నాటి విలువ 6377301.243 మీటర్లు. పేరు ఒకటే, తేడా దాదాపు 25 మీటర్లు.

యూటీఎం ప్రక్షేపంలో మరొక చిక్కు ఉంది. ఈ పద్ధతిలో ప్రతి ఆరు డిగ్రీల రేఖాంశానికి ఒక మండలం; ప్రతి మండలంలోనూ మధ్యరేఖకు 5,00,000 మీటర్ల తూర్పు విలువ ఇస్తారు. 78 డిగ్రీల రేఖాంశం 43, 44 మండలాలకు సరిహద్దు. 84 డిగ్రీలు 44, 45 మండలాలకు సరిహద్దు. ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే అనంతపురం 43లో, విజయవాడ 44లో, పలాస 45లో ఉన్నాయి. తెలంగాణలో తాండూరు 43లో, హైదరాబాదు 44లో ఉన్నాయి. మండల సంఖ్య లేని తూర్పు విలువ ఇంటి నంబరు ఉండి ఊరి పేరు లేని చిరునామా వంటిది.

కాబట్టి బోరు పట్టికలో ప్రతి వరుసకూ నిరూపక వ్యవస్థను సూచించే ప్రామాణిక సంకేతం ఉండాలి. ఉదాహరణకు డబ్ల్యూజీఎస్ 84పై యూటీఎం 44వ ఉత్తర మండలానికి ఈపీఎస్‌జీ సంకేతం 32644. మూల విలువను యథాతథంగా ఒక నిలువు వరుసలో ఉంచి, మార్చిన విలువను పక్క వరుసలో చేర్చాలి. మార్పిడికి వాడిన పరామితులను కూడా నమోదు చేయాలి. మూల విలువపైనే మార్పిడి ఫలితాన్ని రాస్తే తరువాత ఎవరూ దోషాన్ని వెనక్కి వెతకలేరు.

4. ఎత్తు: లేని భ్రంశం పుట్టే విధానం

ఎత్తు విషయంలో జరిగే పొరపాటు మరింత ప్రమాదకరం. జీపీఎస్ నేరుగా ఇచ్చేది గోళాభంపై ఎత్తు. గని పటాలు, పాత బోర్లు చూపేది సగటు సముద్రమట్టంపై ఎత్తు. సముద్రమట్టానికి సమీపంగా ఉండే గురుత్వ సమతలాన్ని జియాయిడ్ అంటారు. దక్షిణ భారతంలో ఇది గోళాభం కంటే గణనీయంగా దిగువన ఉంది. తెలుగు ప్రాంతాల్లో ఈ అంతరం సుమారు 70 నుంచి 90 మీటర్ల మధ్య ఉంటుంది.

ఒక ఊహాత్మక ఉదాహరణను తీసుకుందాం. ఒక బ్లాకు పశ్చిమ భాగంలోని పాత బోర్ల ముఖాలు సముద్రమట్టంపై 150 మీటర్ల ఎత్తులో నమోదయ్యాయి. అదే సమతల నేలపై తూర్పు భాగంలో వేసిన కొత్త బోర్లకు గోళాభ ఎత్తులు నమోదయ్యాయి. అంతరం 75 మీటర్లు అనుకుంటే అవి పట్టికలో 75 మీటర్లుగా కనిపిస్తాయి. రెండు వైపులా బొగ్గు పొర నేలకు 120 మీటర్ల లోతులోనే తగిలింది. కానీ నమూనాలో పశ్చిమాన పొర 30 మీటర్ల ఎత్తున, తూర్పున సముద్రమట్టానికి 45 మీటర్ల దిగువన ఉంటుంది. రెండింటి మధ్య 75 మీటర్ల పతనం గల భ్రంశం ప్రత్యక్షమవుతుంది.

గోదావరి లోయ నిజంగానే భ్రంశాలకు ప్రసిద్ధి కాబట్టి ఆ రేఖను చూసి ఎవరూ అనుమానించరు. పైగా అది బోర్ల వరుసకు సమాంతరంగా, స్పష్టంగా, నమ్మదగినదిగా ఉంటుంది. దానికి పేరు పెడతారు. గని మార్గాన్ని దాని నుంచి తప్పిస్తారు. దాని పక్కన బొగ్గును వదిలివేస్తారు. దీనికి విరుద్ధంగా కూడా జరగవచ్చు: నిజమైన భ్రంశం ఎత్తుల దోషంలో కలిసిపోయి మాయం కావచ్చు.

నివారణ సులభం. ఎత్తు పక్కనే ‘ఎత్తు రకం’ అనే నిలువు వరుస ఉంచి, సముద్రమట్టమా గోళాభమా అన్నది రాయాలి. వాడిన జియాయిడ్ నమూనా పేరు చేర్చాలి. తరువాత ప్రతి బోరు ముఖపు ఎత్తును నేల ఉపరితలపు అంకాత్మక ఎత్తు పటంతో సరిచూడాలి. తేడాలన్నీ ఒకే దిశలో, దాదాపు ఒకే పరిమాణంలో ఉంటే అది భ్రంశం కాదు, డేటమ్ దోషం.

5. బోరు మార్గం, లోతు

బోరును నిటారుగా వేశామని రాసినంత మాత్రాన అది నిటారుగా ఉండదు. గట్టి, మెత్తని పొరలు మారుతున్న చోట డ్రిల్ కడ్డీ పక్కకు ఒరుగుతుంది. 400 మీటర్ల బోరు మొదటి నుంచీ 5 డిగ్రీలు ఒరిగితే దాని అడుగు భాగం సుమారు 35 మీటర్లు పక్కకు జరుగుతుంది. నిలువు లోతు మాత్రం ఒకటిన్నర మీటరే తగ్గుతుంది. లోతు సరిగ్గానే ఉన్నట్లు కనిపించడం వల్ల ఈ స్థానభ్రంశం గుర్తింపు తప్పించుకుంటుంది.

అందువల్ల బోరు దత్తాంశాన్ని కనీసం మూడు పట్టికలుగా విభజించడం ఆచారం. మొదటిది బోరు ముఖ పట్టిక: బోరు సంఖ్య, నిరూపకాలు, ఎత్తు, మొత్తం లోతు, తేదీ. రెండవది దిశ సర్వే పట్టిక: ఏ లోతు వద్ద ఎంత వంపు, ఏ దిక్కుకు. మూడవది అంతర పట్టిక: ఎక్కడ నుంచి ఎక్కడ వరకు ఏ శిల, ఏ పరీక్షా ఫలితం. ఈ మూడింటినీ కలిపేది బోరు సంఖ్య ఒక్కటే కాబట్టి దాని రాతలో హైఫన్, ఖాళీ, సున్నా వంటి చిన్న తేడాలు కూడా అనుమతించరాదు. మూడు పట్టికల నుంచి అంతరిక్షంలో బోరు మార్గాన్ని గణించడానికి కనిష్ఠ వక్రతా పద్ధతిని వాడతారు. ఇది రెండు సర్వే బిందువుల మధ్య మార్గాన్ని వృత్తఖండంగా భావిస్తుంది. అయస్కాంత పరికరంతో ఉక్కు కేసింగు లోపల తీసిన దిక్కు నమ్మదగినది కాదు. కాబట్టి పరికరం రకాన్ని కూడా నమోదు చేయాలి.

లోతులోనూ రెండు కొలతలుంటాయి: డ్రిల్లర్ కడ్డీలను లెక్కించి చెప్పే లోతు, భూభౌతిక లాగ్ తీగ చూపే లోతు. 3.00 మీటర్ల పరుగులో 2.40 మీటర్ల కోర్ మాత్రమే చేతికందితే లభ్యత 80 శాతం. పోయిన 0.60 మీటరు ఎక్కడిది? మెత్తని బొగ్గో బంకమట్టో పొడి అయి కొట్టుకుపోయి ఉండవచ్చు. గామా, సాంద్రత లాగులు ఆ స్థానాన్ని నిర్ధారిస్తాయి. రెండు లోతులనూ వేర్వేరు వరుసల్లో ఉంచి, లాగ్ ప్రకారం సరిచేసిన లోతును మూడవ వరుసలో చూపాలి.

పొర మందం కూడా ఇటువంటిదే. నిటారు బోరులో 6.0 మీటర్లుగా కొలిచిన పొర 30 డిగ్రీలు వాలి ఉంటే దాని నిజమైన మందం 5.2 మీటర్లే. పట్టికలో ‘మందం’ అని ఒక్క వరుస ఉంటే అది ఏ మందమో చదివేవారికి తెలియదు.

6. దిశా కొలతలు

ఉపరితలంపై, గని గోడలపై తీసే దిశా కొలతలు రెండు: పొర తలం సమతలాన్ని ఖండించే రేఖ దిక్కు, అంటే స్ట్రైక్, పొర వాలు కోణం, అంటే డిప్. స్ట్రైక్ రేఖకు రెండు చివరలుంటాయి కనుక వాలు ఏ వైపుకో విడిగా చెప్పాలి. కొందరు కుడిచేతి నియమాన్ని పాటిస్తారు, కొందరు వాలు దిక్కునే నేరుగా రాస్తారు. ఈ రెండు సంప్రదాయాలు ఒకే వరుసలో కలిస్తే కొలతలు 90 డిగ్రీల తేడాతో నమూనాలోకి వెళ్తాయి. లేని ముడతలు పుడతాయి.

దిక్కులు వృత్తంపై విలువలు కావడం వల్ల మామూలు సగటు పనిచేయదు. 358, 2 డిగ్రీల సగటు 180 అని లెక్క చెబుతుంది. నిజానికి రెండు కొలతలూ ఉత్తరాన్నే చూపుతున్నాయి. అందుకే ప్రతి తలాన్ని దానికి లంబంగా ఉండే ఏకాంక సదిశగా మార్చి సగటు తీయాలి. కొలత అయస్కాంత ఉత్తరానికి సంబంధించిందా, నిజ ఉత్తరానికా, గ్రిడ్ ఉత్తరానికా అన్నది కూడా రాయాలి. 18 డిగ్రీల అక్షాంశం వద్ద యూటీఎం మండలపు అంచున నిజ, గ్రిడ్ ఉత్తరాల మధ్య తేడా దాదాపు ఒక డిగ్రీ. అయస్కాంత ఉత్తరం కాలంతోపాటు మారుతుంది కనుక కొలత తేదీ లేనిదే సవరణ సాధ్యం కాదు.

7. లేకపోవడానికి అర్థాలు

పట్టికలోని ఖాళీ గడి అతి తరచుగా అపార్థానికి గురవుతుంది. ఒక బోరులో ఒక పొర నమోదు కాలేదంటే అయిదు కారణాలుండవచ్చు. బోరు ఆ లోతు వరకు వెళ్లలేదు. పొర అక్కడ నిక్షిప్తమే కాలేదు. తరువాతి కాలంలో కోతకు గురైంది. భ్రంశం వల్ల బోరు మార్గం నుంచి తప్పుకుంది. లేదా అప్పటికే తవ్వేశారు. మొదటి సందర్భం పొర లేదని చెప్పదు. బోరు అడుగు కంటే లోతున ఉండవచ్చని మాత్రమే చెబుతుంది. చివరి సందర్భం ఖాళీ స్థలాన్ని, బహుశా నీటితో నిండిన స్థలాన్ని సూచిస్తుంది.

ఈ అయిదింటినీ సున్నా మందంగా రాస్తే అంతర్వేశనం పొరను ఆ బోరు వద్ద సన్నబరచి ముగిస్తుంది. అర్థాంతరంగా ఆగిన బోర్లు ఎక్కువగా ఉన్న బ్లాకులో ఇది నిల్వలను కృత్రిమంగా తగ్గిస్తుంది. పాత తవ్వకాల విషయంలో ప్రాణాపాయాన్ని దాచిపెడుతుంది. కాబట్టి ప్రతి కారణానికీ ప్రత్యేక సంకేతం కేటాయించి, దాని అర్థాన్ని నిఘంటువు పట్టికలో నిర్వచించడం తప్పనిసరి.

8. పరిశీలన వేరు, వ్యాఖ్యానం వేరు

342.10 నుంచి 348.30 మీటర్ల వరకు బొగ్గు ఉందన్నది పరిశీలన. అది 3వ పొర అన్నది వ్యాఖ్యానం. మొదటిది కోర్ పెట్టె ఉన్నంతకాలం మారదు; రెండవది కొత్త బోరు పడగానే మారవచ్చు. రెండింటినీ ఒకే గడిలో రాస్తే వ్యాఖ్యానం మారిన ప్రతిసారీ పరిశీలన కూడా చెరుగుతుంది. వ్యాఖ్యాన పట్టికలో పొర పేరుతోపాటు ఎవరు నిర్ణయించారు, ఎప్పుడు, ఏ ఆధారంతో, ఎంత నమ్మకంతో అన్నవి ఉండాలి. ప్రాంతాల వారీ పొర పేర్లను సరిపోల్చే పట్టిక కూడా వ్యాఖ్యానమే. దాన్ని పరిశీలనల్లో కలపరాదు.

ఆధారం, తేదీ అన్న రెండు వివరాలకు ఎంత విలువ ఉందో చెప్పడానికి గోదావరి లోయ వెలుపలి ఒక ఘటన ఉపయోగపడుతుంది. 2002 జూలై 24న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో క్వీక్రీక్ గనిలో తవ్వకం సాగుతుండగా పక్కనే ఉన్న శాక్స్‌మన్ అనే మూతపడిన గనిలోని నీరు ఒక్కసారిగా లోపలికి వచ్చింది. తొమ్మిది మంది కార్మికులు చిక్కుకుపోయారు. తవ్వకానికి ఆధారమైన పటంలో పాత గని చివరి దశ తవ్వకాలు లేవు. ఆ పటంపై తేదీ గాని, ధ్రువీకరణ గాని లేవని విచారణలో తేలింది. ఉపగ్రహ సర్వేతో స్థానాన్ని గుర్తించి పైనుంచి వేసిన గాలి బోరు వారిని బతికించింది. జూలై 28న అందరూ సురక్షితంగా బయటపడ్డారు. ఆపదకు కారణం అసంపూర్ణమైన ప్రాదేశిక దత్తాంశం. రక్షణకు సాధనం కచ్చితమైన ప్రాదేశిక దత్తాంశం.

9. నమూనాకు అందించడం, పరీక్షించడం

త్రిమితీయ నమూనా నిర్మాణంలో రెండు ప్రధాన మార్గాలున్నాయి. స్పష్ట పద్ధతిలో నిపుణుడు అడ్డుకోతలపై గీసిన రేఖలను కలిపి ఉపరితలాలను తయారుచేస్తాడు. అంతర్గత పద్ధతిలో అంతరిక్షమంతటా ఒక అదిశ క్షేత్రాన్ని గణించి, సమాన విలువలున్న తలాలను పొరల హద్దులుగా తీసుకుంటారు. 1997లో లాజోనీ, కూరియూ, మాన్యుయెల్ ప్రతిపాదించిన పొటెన్షియల్ క్షేత్ర పద్ధతి ఈ కోవకు చెందినది. జెమ్‌పై వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు దీనిపైనే ఆధారపడ్డాయి. వీటికి కావలసిన దత్తాంశం రెండే పట్టికలు: హద్దు బిందువులు, దిశా కొలతలు. పొరలు ఏ వరుసలో నిక్షిప్తమయ్యాయో తెలిపే క్రమం వీటికి తోడవుతుంది.

ఈ రెండు పట్టికలను చేత్తో తయారుచేయరాదు. మూల పట్టికల నుంచి స్క్రిప్టు ద్వారా ఎప్పటికప్పుడు పుట్టించాలి. అప్పుడు మూలంలో ఒక ఎత్తును సరిచేస్తే నమూనా మొత్తం దాన్ని అనుసరిస్తుంది. ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చారో కూడా తెలుస్తుంది. నమూనాకు పంపే ముందు ఈ క్రింది తనిఖీలు యాంత్రికంగా జరగాలి.

• అంతరాలు ఒకదానిపై ఒకటి పడటం గాని, మధ్యలో ఖాళీలు గాని ఉన్నాయా?
• అంతర పట్టికలోని చివరి లోతు బోరు మొత్తం లోతును మించిందా?
• ఒకే నిరూపకాలు రెండు బోర్లకు ఉన్నాయా?
• బోరు ముఖం నేల ఉపరితలానికి పైన తేలుతోందా, కింద మునిగిందా?
• పొరల క్రమం తారుమారైన బోర్లు ఏవి? అవి నిజంగా భ్రంశిత మండలంలో ఉన్నాయా?

చివరి పరీక్ష నమూనాకే. కొన్ని బోర్లను పక్కన పెట్టి, మిగిలినవాటితో నమూనా నిర్మించి, పక్కన పెట్టిన బోర్ల వద్ద పొర లోతును నమూనా ఎంత దగ్గరగా ఊహించిందో చూడాలి. దోషాలు ఒక సంవత్సరపు బోర్లలోనో, ఒక సర్వే పరికరంలోనో గుమిగూడితే కారణాన్ని శిలల్లో కాక పట్టికల్లో వెతకాలి. తేదీ, పరికరం, నిరూపక వ్యవస్థ నమోదై ఉంటేనే ఈ వెతుకులాట సాధ్యం.

10. ముగింపు

కేంద్ర గనుల మంత్రిత్వ శాఖ 2023లో జాతీయ భూవిజ్ఞాన దత్తాంశ భాండాగారాన్ని ప్రారంభించిన తరువాత, తాము స్వయంగా సేకరించని కొలతలతో నమూనాలు నిర్మించే పరిశోధకుల సంఖ్య పెరుగుతుంది. బోరు వేసిన రోజు అక్కడ లేనివారికి పట్టికలో రాసినదే సర్వస్వం. కనుక భూవిజ్ఞాన పరిశోధన గ్రంథాల్లో నమూనా చిత్రాలతోపాటు నిరూపక వ్యవస్థ, ఎత్తు రకం, దిశా సంప్రదాయం, ఖాళీల సంకేతాలు, వ్యాఖ్యాన ఆధారాలు తెలిపే అనుబంధాన్ని తప్పనిసరి చేయడం అవసరం. స్నాతకోత్తర స్థాయిలో సాఫ్ట్‌వేర్ శిక్షణకు ముందు విద్యార్థి చేత పాత బోరు రికార్డులతో ఈ పట్టికలను తయారుచేయించాలి. నమూనాలో కొత్త భ్రంశం కనిపించినప్పుడు శిలల గురించి ఆలోచించే ముందు రెండు వైపుల బోర్ల ఎత్తులు ఒకే మట్టం నుంచి కొలిచినవేనా అని అడిగే అలవాటు ఆ అభ్యాసంలోనే ఏర్పడుతుంది.